బొగ్గుల మీద వంట: రుచి ఎట్ల, జాగ్రత్త ఎట్ల

వానలు పోయి చలి మొదలైతే మా షోలాపూర్‌ల ఆదివారం పొద్దుగూకినంక ఏ గల్లీకి పోయినా కాలిన వాసనే. సాఖర్‌పేట, అశోక్ చౌక్ దిక్కు మనోళ్ల ఇండ్ల ముందర, మేడల మీద శెగిళ్లు వెలుగుతయి. శెగిడి అంటే మన కుంపటే. మరాఠోళ్ల నడుమ ఉండి ఉండి ఆ పేరే నోటికి అలవాటైంది. నలభై ఏండ్ల సంది నిప్పు కాడ కూసుంటున్న గనుక నాకు తెలిసిన నాలుగు సంగతులు రాస్తున్న. చివరికి ఒక తప్పు సంగతి కూడా ఉంది, అది నాదే. అది చదవకుండ పేజీ తిప్పొద్దు.

ముందు నిప్పు. చానామంది మంట మీద కాలుస్తరు. పైన మాడుతది, లోపల పచ్చిగనే ఉంటది. బొగ్గులు అంటుకున్నంక అర్ధగంట ఆగాలె. పొగంత పోయి, బొగ్గు మీద తెల్లటి బూడిద పొర వచ్చి, లోపల ఎర్రగ కణకణలాడాలె. అప్పుడు జాలీ పెట్టి, దానికి జానెడు పైన అరచెయ్యి పట్టి లెక్కపెట్టండి. రెండు అనంగనే చెయ్యి గుంజుకుంటే నిప్పు ఎక్కువ. ఐదు దాకా ఓర్చుకుంటే కోడికి సరిపోయినట్టు.

అంటించేటందుకు కార్ఖాన నుంచి నూనె అంటిన నూలు వేస్ట్ తెచ్చేటోళ్లున్నరు. వయసుల నేనూ తెచ్చిన. భగ్గున అంటుకుంటది, నిజమే. కని ఆ మిషన్ నూనె వాసన ముక్కకు పడితే ఎంత మసాలా వేసినా పోదు. రెండు పిడక ముక్కలు, ఇంత కొబ్బరి పీచు చాలు.

కిలో కోడికి అల్లం వెల్లుల్లి ముద్ద రెండు చెంచాలు, కారం రెండు చెంచాలు, అర చెంచా పసుపు, ఉప్పు, చిన్న గిన్నెడు పెరుగు, ఒక నిమ్మకాయ రసం, రెండు చెంచాల పల్లి నూనె. ముక్కలకు కత్తితోటి గాట్లు పెట్టి బాగ పట్టించి మూడు గంటలు నాననియ్యాలె. జాలీ మీద వేసినంక రెండు మూడు నిమిషాలకోసారి తిప్పుతనే ఉండాలె. నూనె కారి మంట లేస్తే నీళ్లు చల్లొద్దు, బూడిద ఎగిరి ముక్కలకే అంటుకుంటది. ముక్కలు పక్కకు జరిపితే మంట అదే పడిపోతది. తొడ ముక్కకు అర్ధగంట పడ్తది. ఎముక కాడ పొడిచి చూస్తే ఎర్ర నీళ్లు రావొద్దు. పచ్చి మాంసం పెట్టిన పళ్లెంలనే కాలిన ముక్కలు వేసుడు మంచిది కాదు, మా కోడలు ఊకె చెప్తది, ఆమె చెప్పింది నిజం.

ఆఖరికి నిప్పు సల్లబడ్డంక వంకాయ. పెద్ద గుండ్రటి వంకాయ కొద్దిగ చీరి పురుగు చూసి, నూనె రాసి బొగ్గుల అంచుకు పెట్టాలె. నాలుగు పక్కల తోలు నల్లబడి కాయ కూలబడే దాకా తిప్పాలె. తీసి గిన్నెల వేసి మూత పెడితే ఐదు నిమిషాలల్ల తోలు ఊడొస్తది. నీళ్లతోటి కడిగితే కాలిన రుచంత మోరీల పోతది, చేతితోటే ఒలవండి. దాంట్ల కాల్చిన పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, ఇంత చింతపండు, ఉప్పు వేసి నూరి, పైన పచ్చి ఉల్లిగడ్డ. జొన్న రొట్టె ఉంటే కోడి కూడా అక్కర్లేదు అంట నేను. మా పిల్లలు ఒప్పుకోరు.

సంక్రాంతి దగ్గరపడ్డంక ఊచబియ్యం. మరాఠీల హుర్డా అంటరు. మన పెద్దలు తెలంగాణ నుంచి మగ్గాల పనికి ఇక్కడికి వచ్చినప్పుడు ఈ తిండి కొత్తగ నేర్వలె, మన ఊళ్లల్ల ఉన్నదే ఇక్కడ కూడా కనబడ్డది. మంగళవేఢ జొన్నకైతే ఈ జిల్లాల పెద్ద పేరు. కంకి లేతగ ఉండాలె, గింజను గోటితోటి నొక్కితే పాలు కొద్దిగ రావాలె. గట్టిపడ్డ కంకి కాల్చినా దండుగే. దీనికి బొగ్గు వద్దు, పిడకల నిప్పు కావాలె. గుంత తీసి పిడకలు కాల్చి, ఆ వేడి బూడిదల కంకులు గుచ్చితే చిటచిట అంటయి. మూడు నాలుగు నిమిషాలకు తీసి వేడి మీదనే అరచేతులల్ల నలిపి ఊదాలె. చెయ్యి కాలుతది, ఓర్చుకోవాలె. పల్లికారం, బెల్లం పక్కన పెట్టుకొని తింటే లెక్క తెల్వది ఎన్ని కంకులు పోయినయో.

ఇగ తప్పు సంగతి. పొగ లేని నిప్పే మంచిదని పైన రాసిన గద, ఆ మాటే నన్ను ముంచబోయింది. పోయిన వానకాలంల బిడ్డ, మనవడు వచ్చిండ్రు. ఇంటి ముందర కోడి సగం కాలంగనే వాన. పొగ లేదు గద అని శెగిడి ఎత్తుకపోయి అర్రల పెట్టిన. పదడుగుల అర్ర, జల్లు కొడ్తదని కిటికీ మూసిన, తలుపు కూడ దగ్గరికేసిన. కొంతసేపటికి మా ఆమె తలకాయ నొస్తుందన్నది. పొద్దుగాల సంది పని చేసి అలసిందనుకున్న. బిడ్డకు వాంతొచ్చినట్టయింది. మనవడు గోడకు ఆనుకొని పండుకున్నడు, నిద్ర వచ్చిందనుకున్నం. నాకూ కాళ్లు తేలిపోతున్నయి, లేవ బుద్ధైతలేదు. పక్కింటి వదిన గిన్నె ఇయ్యొచ్చి తలుపు తీసి, మా మొకాలు చూసి కేకలు పెట్టింది. పిలగాన్ని ఎత్తుకొని వానలనే బయటికి ఉరికింది.

దవాఖానల ఆక్సిజన్ పెట్టిండ్రు. రాత్రికి అందరం మనుషులమైనం. బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే గాలి వస్తదట. దానికి రంగు లేదు, వాసన లేదు, కండ్లు మండవు. పొగ కనబడితే మనిషి లేచి తలుపు తీస్తడు, ఇది కనబడదు గనుక కూసున్న కాడనే పడిపోతడు. ఇంకో అర్ధగంట అయితే ఏమయ్యేదో అని డాక్టర్ నా దిక్కే చూసిండు. నేను తల దించుకున్న.

అందుకే చెప్తున్న అక్కలారా, తమ్ముళ్లారా, కణకణలాడే శెగిడి అర్రల పెట్టొద్దు. చలికి కాపుకుందామని రాత్రి పడక కాడ అసలే పెట్టొద్దు. నిప్పు ఉన్న కాడ ఇద్దరు ముగ్గురికి ఒక్కసారే తలనొప్పి, కడుపుల తిప్పుడు వస్తే తిండి వల్ల అనుకోవద్దు. ముందు అందర్ని బయటి గాలికి తెచ్చి, వెంటనే దవాఖానకు తీసుకపోండి.

ఇంకొకటి. మన దగ్గర చానా ఇండ్లల్ల కింద సాంచాలు, పైన కాపురం. నేల మీద, కిటికీ జాలీకి దూది పొట్టు ఉంటది, గాలికి ఒక్క నిప్పురవ్వ పోతే చాలు. సాంచాలున్న దిక్కు శెగిడి పెట్టొద్దు, పక్కన బకెట్ నీళ్లు ఉండాలె. బూడిద పైన సల్లగ కనబడ్డా లోపల తెల్లారే దాకా నిప్పు ఉంటది, పిల్లలు కాలు పెడ్తరు. బాగ నీళ్లు పోసి కలిపి, మళ్ల పోయండి.

ఇప్పుడు మబ్బు కనబడితే ముందే గిన్నె దగ్గర పెట్టుకుంట. వాన పడితే సగం కాలిన ముక్కల్ని మా ఆమె గ్యాసు మీద ఉల్లిగడ్డతోటి వేపుడు చేస్తది. శెగిడి బయటనే నానుతది.