తాళంచెవి అప్పగించే వేళ

ఉద్యోగరీత్యా దేశ రాజధానికి బదిలీపై వచ్చే తెలుగు కుటుంబాలకు మొదట ఎదురయ్యే ప్రశ్నలు మూడు: ఇల్లు ఎక్కడ, పిల్లలకు ఏ బడి, బడి విడిచిన తరువాత వారిని ఎవరు చూస్తారు? మొదటి రెండింటికీ సహోద్యోగులు అడగకుండానే సలహాలిస్తారు. మూడవ దానికి మాత్రం "ఊరి నుండి పెద్దవాళ్లెవరైనా వస్తారులెండి" అని ఊరుకుంటారు. పెద్దవాళ్లు రాలేని రోజున ఆ ప్రశ్న ఎంత బరువైనదో అనుభవించిన తల్లిగా నాకు తోచిన నాలుగు మాటలను మన పత్రిక పాఠకులతో పంచుకోదలచాను.

విశాఖపట్నం నుండి మేము ఢిల్లీ వచ్చిన తొలి ఏడాది మా అత్తగారు మాతోనే ఉన్నారు. మరుసటి డిసెంబరు చలికి మోకాళ్ల నొప్పులు భరించలేక ఆవిడ స్వగ్రామానికి వెళ్లిపోయారు. అప్పటికి అమ్మాయికి తొమ్మిదేళ్లు, బాబుకు ఆరేళ్లు. బడి బస్సు మధ్యాహ్నం రెండున్నరకు దింపుతుంది. లోధీ రోడ్డులోని కార్యాలయం నుండి నేను ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరున్నర. నడుమ నాలుగు గంటలు! బాబును దగ్గరలోని శిశు సంరక్షణ కేంద్రంలో చేర్చాము. అమ్మాయి మాత్రం "నేనేం చిన్నపిల్లనా?" అని పట్టుబట్టింది. "ఎవరు పిలిచినా తలుపు తీయకు" అని పదిసార్లు చెప్పి, తాళంచెవి చేతికిచ్చాము.

వారం తిరగలేదు. ఒకనాటి ఉదయం కొళాయిలో నీళ్లు రాలేదు. తిప్పిన కొళాయిని కట్టడం నేనే మరచి, ఆదరాబాదరాగా కార్యాలయానికి వెళ్లిపోయాను. మధ్యాహ్నం అమ్మాయి నిద్రలో ఉండగా నీళ్లు వచ్చాయి. స్నానాలగది నిండి, ఇల్లంతా పరుచుకొని, గుమ్మం దాటి మెట్లమీదికి ప్రవహించాయి. ఎదురింటి పంజాబీ పెద్దావిడ తలుపు బాదారు, పేరు పెట్టి పిలిచారు. అమ్మాయి పలకలేదు. నేలమీద నీళ్లుంటే విద్యుత్ పరికరాల దగ్గరకు పోరాదని బడిలో చెప్పారట, మంచం దిగలేదు. నాకు పదకొండుసార్లు ఫోను చేసింది. నేను సమావేశంలో ఉన్నాను. ఫోను మూగగా ఉంది. గంట తరువాత చూసుకొని గుండె గుభేలుమంది. నేను ఫోనులో చెప్పిన మీదటే తలుపు తీసింది.

ఆ రాత్రి నేను కొంచెం కోపంగానే అడిగాను. "అమ్మా, ఎవరు పిలిచినా తీయొద్దన్నది నువ్వే కదా!" అన్నది. నా దగ్గర జవాబు లేదు. తప్పు పిల్లది కాదు. నిషేధం నేర్పాము గాని, వివేచన నేర్పలేదు. ఒకే ఒక ఫోను నంబరు ఇచ్చి, అది పలకని పక్షంలో ఏమి చేయాలో చెప్పలేదు.

వయస్సా, యోగ్యతా?

ఎన్నేళ్లు నిండితే పిల్లలను ఇంట ఒంటరిగా ఉంచవచ్చునో మన దేశంలో ఏ చట్టమూ ఒక అంకె చెప్పలేదు. అయితే పిల్లల సంరక్షణ బాధ్యత గలవారు వారిని అనవసరమైన బాధకు గురిచేసేలా నిర్లక్ష్యం చేస్తే 2015 నాటి బాల న్యాయ చట్టంలోని 75వ సెక్షను ప్రకారం శిక్షార్హులు. ఇంగ్లండులోనూ చట్టం ఒక వయస్సును నిర్ణయించలేదు. పన్నెండేళ్ల లోపు పిల్లలు ఎక్కువసేపు ఒంటరిగా ఉండగల పరిణతిని పొందడం అరుదని అక్కడి బాలల సంరక్షణ సంస్థలు సలహా ఇస్తాయి. నిర్ణయించవలసినది తల్లిదండ్రులే.

మా అనుభవంలో తేలిన కొలబద్దలు ఇవి. తల్లిదండ్రుల పూర్తి పేర్లు, ఇంటి చిరునామా, రెండు ఫోను నంబర్లు పిల్లకు కంఠతా రావాలి. అత్యవసర సేవల నంబరు 112, బాలల సహాయవాణి 1098 తెలిసి ఉండాలి. గ్యాసు వాసన వస్తే మీటలేవీ నొక్కకుండా బయటకు రాగలగాలి. తలుపు ఎవరికి తీయరాదో మాత్రమే గాక, ఎవరికి తీయవచ్చునో కూడ తెలియాలి. అన్నిటికంటె ముఖ్యం, పిల్లకు స్వయంగా భయం లేకుండాలి. మనకు అవసరమైనంత మాత్రాన వారికి ధైర్యం రాదు. మొదట పావుగంట, తరువాత అరగంట, ఆపై గంట. ఇలా మెట్టు మెట్టుగా అలవాటు చేయాలి. తమ్ముణ్ణి చూసుకోవడం వేరే బాధ్యత. తాను ఒంటరిగా ఉండగలిగిన పిల్ల మరొకరిని కూడ చూడగలదని అనుకోరాదు.

ఈ సందర్భంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి బాల్యఘట్టం ఒకటి గుర్తుకు వస్తుంది. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభ సమయంలో ఖద్దరు ప్రదర్శన ద్వారం వద్ద పద్నాలుగేళ్ల స్వచ్ఛంద సేవికగా ఉన్న ఆమె, టిక్కెట్టు లేదని జవాహర్‌లాల్ నెహ్రూ గారినే నిలిపివేశారు. నిర్వాహకులు టిక్కెట్టు కొన్న తరువాతనే లోపలికి పంపారు. ఆమె ధైర్యాన్ని అందరమూ మెచ్చుకుంటాము. నాకు మరొకటి కూడ కనిపిస్తుంది: ఆమెకు అప్పగించిన పని స్పష్టమైనది, చిక్కు వచ్చినప్పుడు తీర్చగల పెద్దలు పిలుపు దూరంలో ఉన్నారు. మా అమ్మాయీ చెప్పిన మాటను అంత నిష్ఠగానూ పాటించింది. లేనిది ఆ పిలుపు దూరమే.

ఏ బడి మన పిల్లలకు?

ఆ దుర్గాబాయి గారే 1948లో ఢిల్లీలో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించారు. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ మార్గ్, జనక్‌పురి, ప్రసాద్ నగర్, పుష్ప విహార్‌లలో ఆ సంస్థ పాఠశాలలు ఉన్నాయి. తెలుగు అక్షరం బడిలోనే అందడం ఇక్కడి మన పిల్లలకు చిన్న భాగ్యం కాదు.

తరచు బదిలీలయ్యే వారికి కేంద్రీయ విద్యాలయాలు కొండంత అండ. 1963లో ఇరవై రెజిమెంటల్ పాఠశాలలతో మొదలైన ఈ వ్యవస్థకు దేశమంతటా ఒకే పాఠ్యక్రమం ఉంది. బదిలీపై వెళ్లే ఉద్యోగుల పిల్లలకు ప్రాధాన్యం లభిస్తుంది. 2022-23 నుండి ఒకటవ తరగతిలో చేరడానికి ఆరేళ్లు నిండాలన్న నియమం ఉన్నదని చిన్నపిల్లల తల్లిదండ్రులు గమనించాలి. ప్రైవేటు పాఠశాలల విషయానికి వస్తే, విద్యాహక్కు చట్టం ప్రవేశ సమయంలో పిల్లలకు గాని తల్లిదండ్రులకు గాని పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టడాన్ని నిషేధించింది. ఢిల్లీ నర్సరీ ప్రవేశాలలో ఇంటికీ బడికీ గల దూరానికి తగిన విలువ ఉంటుంది.

మేము మొదట పేరు చూసి బడిని ఎంచుకున్నాము. రానుపోను బస్సులోనే రెండు గంటలు గడిచేవి. నీళ్ల సంఘటన తరువాత మావారూ నేనూ కూర్చుని మరల ఆలోచించాము. బడి ఎంపిక, ఒంటరితనం వేర్వేరు ప్రశ్నలు కావని అప్పుడు అర్థమైంది. 2024 నవంబరులో వాయుకాలుష్యం తీవ్రమై ఢిల్లీ బడులలో ప్రత్యక్ష తరగతులు నిలిపివేసిన రోజులను తలుచుకోండి. అటువంటి నాడు పిల్లలు ఇంట, మనం కార్యాలయంలో! బడి ఎంత మంచిదైనా, గంట కొట్టిన తరువాత పిల్ల ఎక్కడ ఉంటుందన్న దానికి సమాధానం లేకపోతే ఆ ఎంపిక సగమే.

మరుసటి ఏడాది ఇద్దరినీ నడక దూరంలోని, అంత పేరులేని బడికి మార్చాము. కొందరు బంధువులు పెదవి విరిచారు. అమ్మాయి పాత స్నేహితురాళ్ల కోసం నెల రోజులు దిగులుపడింది. ఆ నష్టం నిజమే. కాని బస్సులో పోయే రెండు గంటలు ఆటకు, నిద్రకు మిగిలాయి. బడి విడిచాక ఇద్దరూ ఎదురింటి పెద్దావిడ వద్ద కూర్చుని హోంవర్కు చేసుకునేవారు. ఆవిడ పంజాబీ కథలు చెబితే, మావాళ్లు తెలుగు పాటలు వినిపించేవారు.

ఒక విన్నపం

యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ నిర్దేశించింది. ఇది పసివాళ్లకు ఆసరా. ఊయల వయస్సు దాటి, తాళంచెవి వయస్సు రాని ఆరు నుండి పన్నెండేళ్ల పిల్లల సంగతి ఏమిటి? మన సంస్థ గృహసముదాయాలలో సాయంత్రం ఆరున్నర వరకు తెరిచి ఉండే ఒక చదువు గది, దానిని చూసుకునే ఒక బాధ్యతగల వ్యక్తి ఉంటే చాలు. విశ్రాంత ఉద్యోగులు, గృహిణులు వంతులవారీగా ముందుకు రాగలరని నా విశ్వాసం. యాజమాన్యమూ, సంక్షేమ సంఘాలూ ఈ విషయాన్ని ఆలోచించవలసిందిగా వినయంగా కోరుతున్నాను.

మా అమ్మాయికి ఇప్పుడు పన్నెండేళ్లు నిండాయి. గత నెలలో తాళంచెవి మళ్లీ అడిగింది. ఈసారి రెండు చెవులు చేయించాము. ఒకటి ఆమెకు, రెండవది ఎదురింటి పెద్దావిడకు. మొదటి రోజు సాయంత్రం నాలుగింటికి ఫోను చేసి, నేను అడగక ముందే చెప్పింది: "అమ్మా, కొళాయిలన్నీ చూశాను. నువ్వు నెమ్మదిగా రా."