పలకరాయి, నాపరాయి

ఒకప్పుడు మన పల్లెబడులలో ప్రతి పిల్లవాని చేతిలోను ఒక పలక, ఒక బలపము ఉండెడివి. ఆ రెండును రాళ్ళే. రాతితో రాతిపై గీయగా తెల్లని అక్షరము పడుటకు కారణమేమి? బలపపురాయి పలకకంటె మెత్తనిది గనుక తానే అరిగి, తన పొడిని పలకకు అంటించును. పలుగురాతితో గీసినచో పలక మీద గాడియే పడును.

ఖనిజముల కాఠిన్యమును శాస్త్రజ్ఞులును ఇట్లే గీసి చూచి నిర్ణయింతురు. జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ మోస్ 1812లో పది ఖనిజములను వరుసగా పేర్చెను. బలపపురాతిలోని టాల్కు 1, పలుగురాయి 7, వజ్రము 10. మన గోరు సుమారు 2.5. అంత కఠినమైన వజ్రము కూడ సుత్తిదెబ్బకు చీలును. స్ఫటికములో పరమాణువుల బంధము బలహీనముగా ఉన్న తలము వెంబడి చీలిక సాగును. దీనిని విదళనము అందురు. గూడూరు ప్రాంతపు అభ్రకమును గోటితోనే రేకులుగా విడదీయవచ్చును. పలుగురాయి మాత్రము అట్లు చీలక, గాజువలె వంకరగా పగులును.

ఇది ఒక్కొక్క ఖనిజపు సంగతి. శిల యంతయు పలకలుగా చీలుటకు కారణములు వేరు. బేతంచెర్ల, ఎర్రగుంట్ల ప్రాంతముల నాపరాయి, సముద్రము అడుగున పొరపై పొరగా పేరుకొన్న సున్నపుమన్ను గట్టిపడి ఏర్పడినది. పనివాడు ఉలితో విడదీయునది ఆ పొరలనే. అవి నేటికిని దాదాపు చదునుగానే ఉన్నవి.

మార్కాపురపు పలకరాయియు మొదట నీటి అడుగున పేరిన బురదయే. కాని అది నల్లమల కొండల పొరలతో పాటు తూర్పునుండి పడమరకు నెట్టబడి, చాపవలె ముడుతలు పడినది. ఆ వేడిమికి, ఒత్తిడికి బురదలోని బంకమన్ను కంటికి కానరాని అభ్రకపు రేకులుగా మారెను. రేకులు కొన్ని తిరిగియు, కొన్ని క్రొత్తగా పెరిగియు, ఒత్తిడి దిశకు లంబముగా బారులు తీరినవి. పలకరాయి చీలునది ఈ బారుల వెంట. పాత పొరల వెంట కాదు. చూపునకు రెండును పలుచని బండలే, కాని ఒకదాని చీలిక పుట్టుకతో వచ్చినది, రెండవదాని చీలిక నలిగిన పిమ్మట వచ్చినది.

రాయి నలిగిన పగులవలెను గాని, వంగుట ఎట్లు? కార్మాన్ అను శాస్త్రజ్ఞుడు పాలరాతి కడ్డీలను ద్రవములో ఉంచి, అన్ని వైపులనుండి అదుముచు నిలువుగా నొక్కి, ఫలితములను 1911లో ప్రకటించెను. చుట్టుపట్ల ఒత్తిడి తక్కువైనపుడు రాయి పగిలెను. ఎక్కువైనపుడు పగులక పీపావలె ఉబ్బెను! చుట్టు ఒత్తిడి పగుళ్ళను నోరు తెరువనీయదు. వేడిమి తోడైనచో స్ఫటికములోని పరమాణువుల వరుసలు ఒకదానిపై ఒకటి జారును. కాలము కూడ ముఖ్యమే. లక్క కడ్డీని చటుక్కున వంచిన విరుగును. ఎండకాలమున రెండు కొనలు ఆనించి వదలినచో తనంత తానే క్రుంగును. కొండలకు లక్షల యేండ్ల వ్యవధి ఉన్నది.

ఇచ్చట మరల ఖనిజముల స్వభావము అడ్డువచ్చును. గ్రానైటులోని పలుగురాయి సుమారు 300 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సాగ మొదలిడును. ఫెల్డ్‌స్పారు సుమారు 450 వరకు మొండిగా నిలుచును. కావున లోతునందలి శిల సాగును, పైనున్న చల్లని శిల విరుగును. ఖండములలోని భూకంపములు పెక్కు ఈ విరుగు పొరలోనే పుట్టును. 1969 ఏప్రిల్‌లో భద్రాచలము వద్దను, 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారి వద్దను కదిలినవి ఇట్టి శిలలే. కిల్లారి ప్రాంతమున వేలకొలది జనులు మరణించిరి. దక్కను పీఠభూమి అతి పురాతనము గనుక కదలదన్న ధీమా ఆ దినముతో సడలినది.

పలకరాతి బండపై అక్కడక్కడ చీలికకు అడ్డముగా రంగుచారలు కనబడును. అవి ఆనాటి బురద పొరలు. ముడుత మలుపు వద్ద చార చీలికను దాదాపు లంబముగా ఖండించును. ప్రక్కలకు పోయినకొలది ఆ కోణము సన్నగిల్లును. కొండ యంతయు కోతపడి అరిగిపోయిన చోట సైతము, ఆ కోణమును కొలిచి, ముడుత మలుపు ఏ దిక్కున ఉండెనో భూవిజ్ఞానులు ఊహింపగలరు.