పెంకులు కదపకే, అమ్మడూ!

రండర్రా, అరుగు మీద చోటుంది. మా పెద్ద మనవరాలి పెళ్లి వచ్చే నెల. బరంపురంలో పార్లరుకెళ్లి మొదటిసారి ఫేషియల్ చేయించుకుంటుందట. పొద్దున్నించీ నిమ్మచెక్క పుచ్చుకుని మొహం తోముతోంది. ఏటే ఆ తోముడు అంటే, "మురికి మొహంతో వెళ్తే పార్లరావిడేమనుకుంటుంది తాతా?" అంటుంది. మురికి తియ్యడానికే కదే ఆవిడకి డబ్బులిస్తున్నాం!

మన పెంకుటింటి కప్పు చూడండి. పెంకు మీద పెంకు ఎక్కించి నేస్తేనే వాన లోపలికి రాదు. చర్మం పైపొరా అంతే. చచ్చిన కణాలు పదిహేను ఇరవై వరుసలుగా పరుచుకుని, సందుల్లో కొవ్వు పూసుకుని ఉంటాయి. అంతా కలిపి మిల్లీమీటరులో నూటికి ఒకటి రెండు వంతుల మందం! కింద పుట్టిన కణం పైకొచ్చి రాలిపోవడానికి ఇంచుమించు నాలుగు వారాలు. మొదటి ఫేషియలని వారం ముందునించీ స్క్రబ్బుతో గీకితే, పెంకులు పీకేసి వాన కోసం ఎదురుచూసినట్టే. ఆపైన ఆవిరి, క్రీము పడితే చురచుర మండక ఏమవుతుంది?

ఆ కప్పు మీద పల్చటి పులుపు కూడా ఉంటుంది. 1928లో జర్మనీలో షాడే, మార్కియోనిని అనే ఇద్దరు డాక్టర్లు దానికి ఆమ్లపు దుప్పటి అని పేరు పెట్టారు. దాని పీహెచ్ 5కి అటూ ఇటూ; ఆ అంకె తగ్గేకొద్దీ పులుపెక్కువన్నమాట. సబ్బుబిళ్ల 9, 10 దాకా పోతుంది. నిమ్మరసమేమో 2 దగ్గర. పులుపే కదా మంచిదనుకోకండి, అది మరీ పులుపు. పైగా నిమ్మరసం పూసుకుని గోపాలపురం ఎండలో తిరిగితే నల్లమచ్చలు తేలొచ్చు.

వాసన సంగతికొస్తే మనమే గొప్పవాళ్లం! ఛత్రపురం వైపు సముద్రపుగాలికి పెరిగే మొగలిపొదల్లో మగపూలకే ఆ ఘుమఘుమ. ఆ పూలని రాగి డేగిసాల్లో వేసి, నీళ్లుపోసి మరిగించి అత్తరు తీస్తారు. గంజాం మొగలిపువ్వుకి 2012లో జీఐ అనే భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అయినా ఏ అత్తరూ తిన్నగా మొహానికి పూయకండి. సువాసనలు కొందరికి పడవు. పార్లరు క్రీమైనా సరే, ముందు చెవి వెనక కాస్త రాసి, ఒకటి రెండు రోజులు ఆగి చూడాలి.

మా పిల్లకి ఇంకో మాట చెప్పాను. మొటిమల కోసం రాత్రిపూట రాసే రెటినాల్ లాంటి క్రీములు ఫేషియల్‌కి నాలుగైదు రోజుల ముందే ఆపెయ్. మైనం, థ్రెడింగ్ ఆ రోజుకి పెట్టుకోకు. చీము మొటిమలున్నా, ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నా డాక్టరునడక్కుండా పార్లరు గడప ఎక్కకు. పడనివేవైనా ఉంటే పార్లరావిడకి కూర్చునేముందే చెప్పెయ్. పెళ్లి ముందురోజు మాత్రం వద్దే తల్లీ, వారం పదిరోజుల ముందైతే ఎర్రదనం వచ్చినా తగ్గడానికి వ్యవధి ఉంటుంది.

మీ మామ్మేమో, "ఎర్రబడితే పెళ్లికొడుకు సిగ్గనుకుంటాడులే" అంటోంది. ఆవిడ మాట వినకండర్రా!