రోగి వెంట పోవువారి బాధ్యత

ధాన్యమును మార్కెటుకు తోలుకొనిపోయిన రైతు కాంటా మీదనుండి కన్ను తీయడు. విత్తనపు సంచి కొనునపుడు దాని కుట్టు చూచును. చదువు రానివాడైనచో చీటీని ఒకరిచేత చదివించుకొనును. సంఘములో అప్పు చెల్లించినపుడు పుస్తకములో పద్దు పడినదో లేదో చూచుకొనక ఇల్లు చేరడు. ఇది ఎవరినో అనుమానించుట కాదు. మన సొమ్మును గురించి మనకుండవలసిన మెలకువ. అట్టి రైతే తల్లినో తండ్రినో ఆసుపత్రికి తీసికొనిపోయినపుడు గడప దాటినతోడనే నోరు కట్టుకొనును. ఏ మందు ఇచ్చుచున్నారో అడుగడు. తనకు తెలిసినది చెప్పడు. "చదువుకొన్న పెద్దలు, వారికి తెలియదా" యని గోడకానుకొని కూర్చుండును. ఈ మౌనమును మర్యాదయని మనము తలచుచున్నాము. అది కొన్ని వేళల ప్రాణము మీదికి వచ్చునని సభ్యులకు మనవి చేయుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

సిద్దిపేట జిల్లా తొగుట మండలములోని వేములఘాట్ సంగతి మన సభ్యులకు తెలిసినదే. మల్లన్నసాగర్ జలాశయము క్రింద మునిగిన గ్రామములలో అది యొకటి. అచ్చటి రైతులు 2016లో వంతులవారీగా నిరాహారదీక్షలు ఆరంభించి, తమ మాట తామే చెప్పుకొనిరి. తుదకు ఊరు ఖాళీయయ్యెను. 50 టి.ఎం.సి.ల ఆ జలాశయము 2022 ఫిబ్రవరి 23వ తేదీన ప్రారంభింపబడెను. నిర్వాసితులకు గజ్వేలు చెంత ముట్రాజ్‌పల్లి కాలనీలో ఇండ్లు ఏర్పడినవి. పోయిన పొలములను గురించియు, ఇండ్లను గురించియు ఎందరో వ్రాసియున్నారు. అయితే ఒక ఊరు కదలినపుడు ఏ పరిహారపు లెక్కలోను చేరని వస్తువు ఇంకొకటి పోవును. ఏ అవ్వకు ఏ సూదిమందు పడదో, ఏ ఇంటివారికి మధుమేహము కలదో, ఎవరికి ఎప్పుడు ఏ ఆపరేషను జరిగినదో వాడకట్టున అందరికిని తెలిసియుండును. అలవాటైన వైద్యునకును తెలిసియుండును. క్రొత్తచోట వైద్యుడు క్రొత్త, మందుల దుకాణము క్రొత్త, ఇరుగుపొరుగు క్రొత్త. అప్పుడు ఆ జ్ఞాపకము రోగి నోటను, అతని వెంట వచ్చినవారి నోటను మాత్రమే మిగిలియుండును. వారు చెప్పనిచో ఆసుపత్రికి తెలియు మార్గము లేదు.

ఊరు మునుగకున్నను మన మందరము ఎప్పుడో ఒకప్పుడు ఇట్టి స్థితిలోనే యుందుము. మండలపు ఆసుపత్రినుండి సిద్దిపేటకు, సిద్దిపేటనుండి హైదరాబాదునకు పంపబడిన రోగి ప్రతిచోటను క్రొత్తవాడే. ఒక్క దినములోనే వైద్యులు మారుదురు, నర్సులు మారుదురు. మొదటినుండి తుదివరకు మారక వెంటనుండువాడు తోడుగా పోయిన కొడుకో, కోడలో, అన్నదమ్ముడో.

ఈ సంగతిని లోకమంతయు గుర్తించినది. చికిత్స పొందువారిలో పదిమందికి ఒకరు చికిత్సలోని పొరపాట్లవలననే ఏదో ఒక హాని పొందుచున్నారనియు, అట్టి కారణములచే ఏటేట 30 లక్షలకు పైగా మరణములు కలుగుచున్నవనియు, ఈ హానిలో సగమునకు పైగా తప్పింపదగినదే యనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 2019లో ప్రపంచ దేశముల ఆరోగ్య సభ సెప్టెంబరు 17వ తేదీని రోగి భద్రతా దినముగా నిర్ణయించెను. 2023లో ఆ దినమునకు ఎన్నుకొన్న విషయము, రోగులను వారి కుటుంబములను ఈ భద్రతా కార్యములో భాగస్వాములను చేయుట యనునదే.

శస్త్రచికిత్సలయందు వాడుటకు ఆ సంస్థ 2008లో ఒక సరిచూచుకొను పట్టికను వెలువరించెను. మత్తు ఇచ్చుటకు ముందు రోగినే అతని పేరేమో, ఏ భాగమున ఏ శస్త్రచికిత్స జరుగనున్నదో, అందులకు అతడు సమ్మతించెనో లేదో అడిగి నిశ్చయించుకొనవలెనని దానియందు మొట్టమొదటనే యున్నది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరముల ఆసుపత్రులలో దీనిని పరీక్షించి 2009లో ఫలితములు ప్రకటించిరి. శస్త్రచికిత్స పొందినవారిలో మరణములు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గెను. గొప్ప శస్త్రవైద్యులే రోగి నోటిమాటను కోరుచుండగా, చెప్పుటకు మనము సంకోచింపనేల?

ఇంటికి వచ్చిన తరువాతను ఈ మెలకువ అవసరమే. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నములో 34 మంది స్త్రీలకు కుటుంబనియంత్రణ శస్త్రచికిత్సలు జరిగెను. ఇండ్లకు చేరిన తరువాత కొందరు జబ్బుపడిరి. కొలదిదినములలోనే నలుగురు మరణించిరి. ఆ దోషము ఆ స్త్రీలది కాదు, వారి ఇంటివారిదియు కాదు. పనిముట్ల శుభ్రత ఆసుపత్రి బాధ్యత. దానిని రోగులమీదికి నెట్టుట న్యాయము కాదు. అయినను ఆ దుఃఖమునుండి మనము నేర్వవలసిన దొకటి కలదు. ఇంటికి పంపునపుడు "ఏ లక్షణము కనబడినచో వెంటనే మరల రావలెను? ఎవరికి ఫోను చేయవలెను?" అని అడిగి, జవాబు వ్రాయించుకొనక కదలరాదు. జ్వరము, ఆగని వాంతులు, కడుపునొప్పి, గాయమునుండి చీము కనబడినచో తెల్లవారువరకు వేచియుండరాదు.

ఇక తోడు పోవువారు చేయదగిన పనులను చెప్పెదము.

మొదటిది, ఇంటికొక చిన్న పుస్తకము. అందు ఇంటిలోని ప్రతివాని వయస్సు, రక్తపు జాతి, ఉన్న రోగములు, దినము వాడు మందులు, పడని మందులు, జరిగిన ఆపరేషనులు వ్రాసియుంచవలెను. పాత చీటీలను అందులోనే పెట్టవలెను. ఆసుపత్రికి పోవునపుడు వాడుచున్న మందులన్నియు, నాటు మందులు సైతము, ఒక సంచిలో వేసి తీసికొనిపోవలెను. నాటు మందు వాడితిమని చెప్పుటకు సిగ్గుపడరాదు. దాచినచో కీడు రోగికే.

రెండవది, పేరు. మల్లయ్యలును లక్ష్మమ్మలును ఒకే వార్డులో ముగ్గురేసి యుందురు. సూదిమందు వేయుటకు గాని, రక్తము ఎక్కించుటకు గాని వచ్చినపుడు రోగి పేరు, తండ్రి లేక భర్త పేరు, ఊరు మనమే చెప్పవలెను. "సిస్టరమ్మా, ఇది ఏం మందు? మా నాయినకు పెన్సిలిన్ పడదు" అని మెల్లగా అన్నచో ఎవరికిని అవమానము లేదు.

మూడవది రైతులకు మిక్కిలి ముఖ్యమైనది. పురుగుమందు కడుపులోనికి పోయిన రోగిని తీసికొనిపోవునపుడు ఆ డబ్బానో దాని చీటీనో కవరులో చుట్టి తప్పక వెంట కొనిపోవలెను. కొన్ని పురుగుమందులకు అట్రోపిన్ అను విరుగుడు పనిచేయును. కలుపుమందైన పారాక్వాట్‌కు అది పనికిరాదు. పైగా, పారాక్వాట్ త్రాగినవానికి అవసరము లేక ఆక్సిజను ఇచ్చిన కీడు హెచ్చగును. డబ్బా చూడక వైద్యుడెట్లు నిర్ణయింపగలడు? పాము కరచినపుడు కరచిన వేళను గుర్తుంచుకొనవలెను. కోయరాదు, బిగించి కట్టరాదు, పామును పట్టబోరాదు. 108కి ఫోను చేసి వెంటనే బయలుదేరవలెను. దారిలో రెప్పలు వాలుట, మాట తడబడుట, చిగుళ్లనుండి నెత్తురు వచ్చుట కనబడెనా, వైద్యునకు మొదట చెప్పవలసినది అదియే.

నాలుగవది, చేతుల శుభ్రత. రోగిని తాకుటకు ముందును పిమ్మటను సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. వచ్చిన బంధువులందరు మంచముమీద కూర్చుండుట ప్రేమయే గాని రోగికి మేలు కాదు. సెలైను సీసా ముగియుచున్నను, సూది గ్రుచ్చినచోట వాచినను వెంటనే పిలువవలెను. మనమే దానిని త్రిప్పరాదు. ఆపరేషనుకు ముందు ఏమియు పెట్టవద్దన్నపుడు జాలిపడి చాయ త్రాగింపరాదు. ఒకవేళ త్రాగించియున్నచో దాచక చెప్పవలెను.

ఇంత చెప్పినను కొందరు సభ్యులు "అడిగిన కసరుకొందురు" అందురు. అది కొంత నిజము. రద్దీలో అలసిన నర్సు విసుగుకొనుటయు కలదు. కాని జాతీయ మానవహక్కుల సంఘము సిద్ధపరచిన రోగుల హక్కుల పత్రములో జబ్బును గురించి తెలిసికొనుట, చికిత్సకు సమ్మతించుటయో మానుటయో, తన కాగితముల నకళ్లు పొందుట రోగి హక్కులుగా చెప్పబడినవి. కావున అడుగుట తగవులాట కాదు. వినయముగా ఒకమారు అడిగి, జవాబు రానిచో మరల అడుగవలెను. గొంతు పెంచుటయు, చేయి చేసికొనుటయు మాత్రము ఎన్నడును కూడదు. భయపడిన వైద్యుడు రోగిని సరిగా చూడలేడు. వైద్యులకును మా మనవి యొకటే: పల్లెవాడు అడిగిన ప్రశ్నను ఎదిరించుటగా భావింపకుడు, మీరు చూడని గడియలలో రోగిని చూచుచున్నవాడు అతడే.

ఈ పని ఒంటరిగా కష్టము, సంఘముగా సులభము. ప్రతి సంఘమును తన సభ్యుల ఇండ్లకు పైన చెప్పిన పుస్తకమును అచ్చువేయించి యీయవచ్చును. చదువు రాని కుటుంబము ఆసుపత్రికి పోవునపుడు చదువు వచ్చిన యువకు నొకని వెంట పంపవచ్చును. ప్రభుత్వ ఆసుపత్రులకు అభివృద్ధి సంఘములు కలవు. మన సభ్యుల అనుభవములను వ్రాతమూలముగా వారికి పంపవచ్చును. వేములఘాట్ వంటి ఊళ్లనుండి వచ్చి క్రొత్తచోట స్థిరపడినవారి ఇండ్లనుండియే ఈ పని మొదలుపెట్టుట న్యాయమని మా అభిప్రాయము. ఏలయన, వారి సంగతి చెప్పగల పాత వాడకట్టు ఇపుడు నీటి క్రిందనున్నది.

వచ్చు నెల సభలో ఈ పుస్తకమును గురించి చర్చించి, ఎందరు సభ్యుల ఇండ్లలో వ్రాత పూర్తియైనదో కార్యదర్శిగారు సభకు తెలుపుదురుగాక యని కోరుచున్నాము.