గూబ ఎన్నిసార్లు కూసింది?

మా కృష్ణా డెల్టా పల్లెల్లో గుడ్లగూబ ఇంట్లో దూరిందంటే తట్టాబుట్టా సర్దుకోవాల్సిందే. పంతులుగారు చెప్పినన్ని నెలలు ఇల్లు పాడుబెట్టి, శాంతి చేయించి, మళ్లీ పాలు పొంగించుకుని గానీ లోపల అడుగుపెట్టరు. ఉన్నవాళ్లకు ఎలాగో గడుస్తుంది. కూలి చేసుకునేవాళ్లకు అద్దె, శాంతి ఖర్చు కలిసి అప్పవుతుంది. వ్యవసాయ శాఖలో పనిచేసిన రోజుల్లో అలా తాళం పడ్డ ఇళ్లు చూశాను.

మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా చేసిన ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది శకునాల మీద 1912లో పుస్తకం వేశాడు. గూబ కూతలకు అప్పట్లో ఓ లెక్క ఉండేదట. ఒక్కసారి కూస్తే చావు, రెండుసార్లయితే తలపెట్టిన పని జయం, మూడైతే ఇంటికి కోడలు, ఆరైతే చుట్టాలు. శుభాలన్నీ మరచిపోయి మొదటిదాన్నే పట్టుకున్నాం. మా నాయనమ్మయితే రెండో కూత దాకా ఆగేదే కాదు, "నీ నోట్లో మన్ను పడ" అంటూ చెవులు మూసుకునేది.

మంచాన పడ్డ మనిషి ఉన్న ఇంటి మీదే గూబ కూస్తుందంటారు. ఆ ఇంట్లో రాత్రంతా దీపం ఉంటుంది. దీపానికి పురుగులు మూగుతాయి, వాటికోసం జానెడు గూబ వస్తుంది. మేలుకుని వినేదీ ఆ ఇంటివాళ్లే. పక్కింటి కప్పు మీద కూసిన రాత్రి అందరూ నిద్రలో ఉంటారు.

ఇంటి మీద వాలనివ్వని ఆ గూబకే పొలంలో పీట వేస్తాం. వరిచేలో పక్షులు వాలేందుకు కర్రలు నాటమని రైతులకు చెప్పడం నా ఉద్యోగంలో భాగంగా ఉండేది. తెల్లారి ఆ కర్ర కింద వెతికితే బొటనవేలంత నల్లటి ఉండలు దొరుకుతాయి. విప్పితే బొచ్చు మధ్య ఎలుక పుర్రె, నారింజరంగు ముందుపళ్లు. అరగని బొచ్చునూ ఎముకలనూ గూబ ఇలా కక్కేస్తుంది. మనం నూకల్లో నూనె, బ్రోమోడయోలోన్ అనే ఎలుకల మందు కలిపి కలుగుల్లో పెడతాం. ఆ మందు తిన్న ఎలుకను పట్టిన గూబకూ చావు తప్పకపోవచ్చు.

గూబ ఇంట్లో దూరితే లైట్లార్పి కిటికీలు తెరవండి, చీకటి పడగానే తన దారిన పోతుంది. దాన్ని పట్టినా చంపినా 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. పెద్దవాళ్లు ఇల్లు వదలాల్సిందేనంటే మూడుసార్లు కూసిందని చెప్పండి. పెళ్లీడు కొడుకున్న ఇంటికి ఎవరూ తాళం వేయరు.