‘ప్రెక్సీ’, ‘ప్రిన్సి’, ‘పెద్దసారు’: విద్యాధిపతుల వాడుక పేర్లు

అమెరికా కళాశాలల్లో అధ్యక్షుణ్ణి విద్యార్థులు చాటుగా ‘ప్రెక్స్’ అనేవారు. ‘ప్రెసిడెంట్’ అన్న పదాన్ని కుదించగా ఏర్పడిన రూపమిది. 19వ శతాబ్ది పూర్వార్ధం నాటికే వాడుకలో ఉన్న ఈ మాటను హార్వర్డ్‌లో చదివిన బి.హెచ్. హాల్ 1851లో వెలువరించిన కళాశాల పదాల సంకలనంలో నమోదు చేశాడు. తరువాత దానికి ముద్దుపేర్లలో కనిపించే ‘ఈ’ చేరి ‘ప్రెక్సీ’ అయింది. వ్యోమింగ్ విశ్వవిద్యాలయం నడుమనున్న పచ్చిక మైదానం పేరు నేటికీ ‘ప్రెక్సీస్ పాశ్చర్’, అంటే ప్రెక్సీ పశువుల బీడు. తొలి అధ్యక్షుడు అక్కడ ఆవులను మేపుకొనేవాడని చెప్పుకొంటారు. చాటుమాటగా పుట్టినది స్థలనామంగా స్థిరపడింది.

తెలుగునాట దీనికి అతి సమీపమైన రూపం ‘ప్రిన్సి’. ఖమ్మం, కొత్తగూడెం మొదలుకొని కళాశాల ఉన్న ప్రతి ఊరికీ పరిచితమైన మాట ఇది. పదం నిర్మాణం ఒకటే, ప్రయోజనమూ ఒకటే: ఎదుట అనలేనిది చాటున అనడం. అయితే పదాన్ని కుదించినంత మాత్రాన గౌరవం తగ్గిందని తెలుగులో చెప్పడానికి వీల్లేదు. ‘వీసీ’, ‘హెచ్చెమ్’ కూడా కుదింపులే. కానీ వాటికి ‘సారు’ చేర్చి ఆ వ్యక్తి ఎదుటే నిస్సంకోచంగా అనవచ్చు. ‘ప్రిన్సి సారు’ సాధారణంగా వినబడదు. వినబడితే అది వేళాకోళమే. ఈ జిల్లాల వాడుకలో ఒక మాట చాటుమాటా కాదా అని తేల్చే గీటురాయి ఈ ‘సారు’.

క్రియాపదాన్ని గీటురాయిగా తీసుకొంటే పొరపాటు జరుగుతుంది. తెలంగాణ వాడుకలో ‘సారొచ్చిండు’ అనడంలో అమర్యాద లేదు. కోస్తా చెవికి అది ఏకవచనంగా, చులకనగా తోచవచ్చు. పూర్వపు కృష్ణా జిల్లాకు ఆనుకొన్న మధిర వైపు ‘సారు వచ్చారు’ అన్నదీ, పైప్రాంతాల ‘సారొచ్చిండు’ అన్నదీ ఖమ్మం కళాశాల ఆవరణలో పక్కపక్కనే వినిపిస్తాయి. రెంటిలోనూ మన్నన ఉన్నది నామవాచకం వెంట వచ్చే మాటలోనే.

అడవి అంచుకు వెళ్ళేకొద్దీ ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల మండలాల ఆశ్రమ పాఠశాలల్లో చదివే పిల్లల్లో ఎందరికో ఇంటి భాష కోయ. బడి తెలుగుతో పాటే ‘హెచ్చెమ్ సారు’, ‘వార్డెన్ సారు’, సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ ‘పీవో సారు’ వారికి పరిచయమవుతారు. ఇక్కడి పొడి అక్షరాలు చిలిపితనంతో పుట్టినవి కావు, కార్యాలయం నుంచి దిగివచ్చినవి. వాటి విస్తృతరూపం తెలియకుండానే అధికారం ఎవరిదో తెలుస్తుంది. ‘పెద్దసారు’ మాత్రం జనం కట్టుకొన్న మాట. ఇంటికి పెద్ద, ఊరికి పెద్ద అన్న వరుసలోనే బడికి పెద్ద.

పైనుంచి వచ్చిన అనువాద పదాలకు ఈ అదృష్టం దక్కలేదు. ‘కులపతి’, ‘ఉపకులపతి’ ఆహ్వానపత్రాలకూ పట్టాలకూ పరిమితమయ్యాయి. సంస్కృత సంప్రదాయంలో కులపతి అంటే పదివేల మందికి అన్నం పెట్టి చదువు చెప్పే ముని. నేటి చెవికి ఆ పదంలో ముందుగా వినిపించేది కులం. అన్నమూ చదువూ రెండూ ఒకే ఆవరణలో సమకూర్చేది ఇప్పుడు ఆశ్రమ పాఠశాల. అక్కడి పెద్దను మాత్రం ఎవరూ కులపతి అనరు.

పదవి పేరు చెరిగి, పిలుపే మిగిలిన ఉదాహరణ ఒకటుంది. 1976లో వరంగల్లులో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయానికే ఖమ్మం ప్రాంత కళాశాలలు అనుబంధంగా ఉంటూ వచ్చాయి. ఆచార్య కొత్తపల్లి జయశంకర్ 1990లలో దానికి ఉపకులపతిగా పనిచేశారు. ఆ పదవి ఆయన జీవితచరిత్రలో ఒక వాక్యం. వ్యవసాయ విశ్వవిద్యాలయం పేరులో ఆయన ‘ప్రొఫెసర్ జయశంకర్’. జనం నోట ఆయన ‘వీసీ’ కారు, ‘ప్రొఫెసర్’ కూడా అరుదే, ‘జయశంకర్ సార్’.