కట్ లేదు.. రీటేక్ లేదు.. కెరియర్ ఉంది!

సినిమాని స్టేజ్ మ్యూజికల్‌గా మలచడం వెనుక ఎన్ని ఉద్యోగాలున్నాయో తెలుసా?

మీకు బాగా నచ్చిన సినిమాలోంచి పదిసార్లు చూసిన సీను ఒకటి గుర్తుచేసుకోండి. ఇప్పుడు అందులోంచి కెమెరా తీసేయండి. ఎడిటింగ్ తీసేయండి. ప్లేబ్యాక్ గొంతు, గ్రాఫిక్స్ కూడా తీసేయండి. మిగిలినదాన్ని రోజూ సాయంత్రం, నిండిన హాలు ఎదురుగా, ఎక్కడా ఆగకుండా చేసి చూపించాలి. ఎలా?

ఈ 'ఎలా' అన్న ప్రశ్నకు జవాబు వెతకడమే కొందరి ఉద్యోగం. న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే, లండన్‌లోని వెస్ట్ ఎండ్ థియేటర్లలో హిట్ సినిమాలు మ్యూజికల్స్‌గా మారడం ఎప్పటినుంచో ఉంది. మన దేశంలోనూ ఆ దారి మొదలైంది. 'నాకు నటన రాదు, నాకెందుకు ఇదంతా' అని పేజీ తిప్పేయకండి. ఇందులో తెర ముందు కనిపించేవాళ్లకంటే తెర వెనుక పనిచేసేవాళ్లకే ఎక్కువ రకాల పనులున్నాయి. ఇంజినీరింగ్, కామర్స్, లా.. ఏది చదువుతున్నా మీకు సరిపడే మూల ఒకటి దొరుకుతుంది.

కెమెరా పని ఎవరు చేస్తారు?

సినిమాకీ స్టేజీకీ అసలు తేడా ఇక్కడే ఉంది. సినిమాలో ప్రేక్షకుడు ఎక్కడ చూడాలో కెమెరా చెబుతుంది. హీరోయిన్ కంట్లో నీటిచుక్క చూపించాలంటే క్లోజప్ వేస్తారు. స్టేజీ మీద ఆ కన్నీరు ఇరవయ్యో వరుసలో కూర్చున్నవాడికి కనిపించదు కదా! అందుకే అక్కడ పాట వస్తుంది. మనసులో ఉన్నది పైకి వినిపించే పని పాటదే. క్లోజప్ చేసే పనిని మ్యూజికల్‌లో పాట చేస్తుందన్నమాట.

అలాగే ఎడిటింగ్ పనిని దృశ్యాలు చకచకా మార్చే బృందం చేస్తుంది. లొకేషన్ల పని సెట్లు, ప్రొజెక్షన్లు చూసుకుంటాయి. ఎటు చూడాలో లైటింగ్ చెబుతుంది. కెమెరా ఒక్కటే చేసిన పనిని ఇక్కడ పదిమంది పంచుకుంటారు. ఆ పదిమందిలో మీరొకరు కావచ్చు.

అనార్కలి తానే పాడింది

మన దగ్గరి ఉదాహరణే చూద్దాం. కె.ఆసిఫ్ తీసిన 'మొఘల్-ఎ-ఆజం' 1960లో విడుదలైంది. దాన్ని దర్శకుడు ఫిరోజ్ అబ్బాస్ ఖాన్ 2016లో ముంబయిలో రంగస్థల మ్యూజికల్‌గా ప్రదర్శించారు. హక్కుల కోసం ఆయన షాపూర్‌జీ పల్లోంజీ సంస్థను ఆశ్రయిస్తే, ఆ సంస్థే నిర్మాణానికి ముందుకొచ్చింది. ముంబయిలోని నేషనల్ సెంటర్ ఫర్ ద పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ ఇందులో భాగస్వామి అయింది. ఈ ప్రదర్శన తర్వాత 2023లో ఉత్తర అమెరికాలోనూ పర్యటించింది.

సినిమాలో మధుబాల పెదవులు కదిపితే లతా మంగేష్కర్ గొంతు వినిపించింది. స్టేజీ మీద ఆ వెసులుబాటు ఉండదు. అనార్కలి పాత్ర వేసిన ప్రియాంక బర్వే, నేహా సర్‌గమ్ ఆ పాటల్ని ప్రేక్షకుల ఎదుటే స్వయంగా పాడారు. ఇక శీష్ మహల్ దృశ్యం సంగతి. అద్దాల్లో వందల ప్రతిబింబాలు చూపించిన కెమెరా ఇక్కడ లేదు. ఆ వైభవాన్ని కథక్ నర్తకుల బృందం, దీపాలు, ప్రొజెక్షన్లు, దుస్తులు కలిసి తేవాలి. నృత్యాలు మయూరి ఉపాధ్య కూర్చారు. దుస్తులు మనీష్ మల్హోత్రా రూపొందించారు. సెట్, లైటింగ్, ప్రొజెక్షన్ డిజైన్లు ఒక్కోటి ఒక్కో నిపుణుడి చేతిలో ఉన్నాయి. ఒక్క సీనుకి ఎంతమంది పనో గమనించారా?

కాపీ కొడితే కుదరదు

'సినిమాలో ఉన్నది ఉన్నట్టు దించేస్తే సరి' అనుకుంటే బోల్తా పడతారు. 'ద లయన్ కింగ్' కథ వింటే విషయం అర్థమవుతుంది. 1994 నాటి యానిమేషన్ సినిమా అది. గంటన్నర లోపే ఉంటుంది. జూలీ టేమర్ దర్శకత్వంలో 1997లో బ్రాడ్‌వేకి వచ్చేసరికి అది రెండున్నర గంటల ప్రదర్శన అయింది. సినిమాలో ఐదు పాటలుంటే స్టేజీ కోసం మరికొన్ని చేర్చారు. ఆడపాత్రలు తక్కువయ్యాయని భావించి, సినిమాలో మగ కోతిగా ఉన్న రఫీకీ పాత్రను స్త్రీగా మార్చారు.

సినిమాలో అడవిదున్నల్లాంటి వైల్డ్‌బీస్ట్‌ల మంద లోయలోకి దూసుకొచ్చే సీను గుర్తుందా? దాన్ని కంప్యూటర్ సాయంతో తీశారు. స్టేజీ మీద ఏం చేశారు? దూరంగా ఉన్నట్టు కనిపించేందుకు వెనక చిన్నచిన్న బొమ్మలు, వాటి ముందు గుండ్రంగా తిరిగే రోలర్ల మీద కాస్త పెద్ద బొమ్మలు, అందరికంటే ముందు పెద్ద ముఖోటాలతో నర్తకులు. మంద మన మీదికే వస్తున్నట్టు అనిపిస్తుంది. ఆడించే మనిషినీ దాచలేదు. ముఖోటా తలపైన ఉంటుంది, కింద నటుడి ముఖమూ కనిపిస్తుంది. 'ఇది బొమ్మే' అని తెలిసినా ప్రేక్షకుడు నమ్ముతాడు. 1998లో ఈ మ్యూజికల్ ఉత్తమ మ్యూజికల్ సహా ఆరు టోనీ అవార్డులు గెలుచుకుంది. మ్యూజికల్ దర్శకత్వానికి టోనీ అందుకున్న తొలి మహిళ టేమరే.

రెండో వైపూ చూడాలి. 'క్యారీ' నవల 1976లో సినిమాగా వచ్చి హిట్టయింది. అదే కథ 1988లో బ్రాడ్‌వేకి మ్యూజికల్‌గా వచ్చింది. ప్రివ్యూల తర్వాత ఐదు షోలకే మూతపడింది. లక్షలాది డాలర్లు పోయాయి. అందరికీ తెలిసిన పేరు మొదటిరోజు టికెట్లు అమ్మిపెట్టవచ్చు. రెండోవారం ప్రేక్షకుల్ని రప్పించేది మాత్రం స్టేజీ మీద జరిగే పనే. 'ఈ కథని స్టేజీ మీద చెప్పాల్సిన అవసరం ఏంటి?' అన్న ప్రశ్నకు జవాబు లేకపోతే ఎంత డబ్బు పోసినా లాభం ఉండదు.

ఏమేం ఉద్యోగాలు?

రచయిత: కథను రంగస్థలానికి తగ్గట్టు తిరగరాసేది ఈయనే. ఏ సీను ఉంచాలి, ఏది తీసేయాలి, ఎక్కడ పాట రావాలి అన్నది తేల్చాలి. తెలుగు సాహిత్యం, జర్నలిజం చదివినవాళ్లు దృష్టి పెట్టవచ్చు.

స్టేజ్ మేనేజర్: ప్రదర్శనకు గుండెకాయ లాంటి ఉద్యోగం ఇది. ఏ మాట దగ్గర ఏ లైటు మారాలి, ఏ పాట మొదలవ్వాలి, ఏ తెర లేవాలి అన్నది పుస్తకంలో రాసుకుని, హెడ్‌సెట్‌లో 'స్టాండ్‌బై', 'గో' అని చెబుతుంటారు. షో మొదలయ్యాక దర్శకుడు కూడా ప్రేక్షకుడే. పగ్గాలు స్టేజ్ మేనేజర్ చేతిలో ఉంటాయి. క్రమశిక్షణ, చల్లని బుర్ర ఉంటే ఏ డిగ్రీ వారైనా రాణిస్తారు.

సౌండ్, లైటింగ్, ప్రొజెక్షన్: పరిగెడుతూ, ఎగురుతూ పాడే నటుడి గొంతు మైకులో స్పష్టంగా రావాలి. వాద్యబృందం హోరులో మాట మునిగిపోకూడదు. ఈసీఈ, ఈఈఈ, కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు ఇది చక్కటి చోటు.

నటులు, నర్తకులు: పాట, ఆట, నటన మూడూ కావాలి. బ్రాడ్‌వేలో సాధారణంగా వారానికి ఎనిమిది షోలు ఉంటాయి. అందుకే ఒక్కో పాత్రకు ప్రత్యామ్నాయ నటులు సిద్ధంగా ఉంటారు. ఎవరికి జ్వరం వచ్చినా షో ఆగదు. 2000లో వచ్చిన 'బిల్లీ ఇలియట్' సినిమా 2005లో లండన్‌లో మ్యూజికల్ అయినప్పుడు, ప్రధాన పాత్రను ముగ్గురు అబ్బాయిలు వంతులవారీగా పోషించారు. ఆ పాత్రకు ఉత్తమ నటుడిగా ఆలివియర్ అవార్డునూ ముగ్గురూ కలిసే అందుకున్నారు.

నిర్మాణం, హక్కులు: బడ్జెట్, టికెట్లు, టూర్ ఏర్పాట్లు చూసేందుకు బీకాం, ఎంబీఏ వాళ్లు కావాలి. ఒప్పందాలకు లా చదివినవాళ్లు కావాలి. సినిమా హక్కు ఒకరిది, పాటల సాహిత్యం మరొకరిది, సంగీతం ఇంకొకరిది కావచ్చు. మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకి విడుదల తర్వాత 60 ఏళ్లపాటు హక్కులుంటాయి. రచయితకైతే మరణించాక మరో 60 ఏళ్లు. 'పాత సినిమానే కదా, ఎవరడుగుతారు' అంటే కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది.

మనకిది కొత్తేం కాదు

పాడుతూ నటించడం తెలుగువాళ్లకు తెలియనిదా? పద్యనాటకంలో నటుడే రాగం తీయాలి. బాగుంటే జనం వన్స్‌మోర్ అంటారు. బాగోలేకపోతే అదీ మొహం మీదే చెబుతారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సంప్రదాయం గాల్లో తేలే పాత్రలు, ఉన్నట్టుండి ఎగసే మంటలు, క్షణంలో మారే తెరలతో తరతరాలుగా జనాన్ని అబ్బురపరుస్తోంది. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లోనూ సురభి కళాకారులే నటించారు. అంటే మన దగ్గర స్టేజీయే సినిమాకి అప్పిచ్చింది. ఇప్పుడు సినిమా నుంచి స్టేజీకి తిరిగి తేవడమే మిగిలింది.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. తెలుగులో సినిమాని మ్యూజికల్‌గా మలచి నెలల తరబడి ఆడించే పరిశ్రమ ఇంకా ఏర్పడలేదు. భారీ మ్యూజికల్స్‌కి ప్రస్తుతం ముంబయే ప్రధాన కేంద్రం. షో ఉన్నప్పుడు చేతినిండా పని, లేనప్పుడు ఖాళీ. నెలనెలా జీతం కోసమే చూసేవాళ్లకు మొదట్లో కష్టం. అందుకే డిగ్రీ మధ్యలో వదిలేసి రైలెక్కేయకండి. చదువు పూర్తిచేస్తూనే నైపుణ్యం పెంచుకోండి. లైటింగ్, సౌండ్, షో నిర్వహణ నేర్చుకున్నవారికి ఈవెంట్ సంస్థల్లో, సంగీత కచేరీల్లో, టీవీ కార్యక్రమాల్లో, థీమ్ పార్కుల లైవ్ షోల్లోనూ పని దొరుకుతుంది. నేర్చుకున్న విద్య వృథా కాదు.

ఎక్కడ నేర్చుకోవచ్చు?

దిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మూడేళ్ల డిప్లొమా అందిస్తోంది. నటనతోపాటు డిజైన్, దర్శకత్వం కూడా నేర్పుతారు. డిగ్రీతోపాటు నాటకాల్లో పాల్గొన్న అనుభవం అడుగుతారు. కాబట్టి కాలేజీలో ఉండగానే ఆ అనుభవం సంపాదించాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయంలో, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల విభాగాలున్నాయి. కర్ణాటకలోని హెగ్గోడులో నీనాసం సంస్థ ఏడాది కోర్సు నడుపుతోంది. అర్హతలు, వయసు, తేదీలు ఏటా మారుతుంటాయి. దరఖాస్తుకు ముందు ఆయా సంస్థల అధికారిక ప్రకటన తప్పక చూడండి.

ఫీజు కట్టే స్తోమత లేదా? మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో పరిషత్ నాటక పోటీలు జరుగుతుంటాయి. వెళ్లి, 'తెర వెనుక ఏ పనైనా చేస్తాను' అని అడగండి. సామాను మోయడంతో మొదలైనా సరే. ఒక ప్రదర్శన నిలబడేదెలాగో, తడబడితే దాన్ని కాపాడేదెలాగో వింగ్‌లో నిలబడి చూసినవాడికి తెలిసినట్టు మరెవరికీ తెలియదు.

ఈ నెల మీ పని ఇదీ..

* నచ్చిన సినిమాలోంచి పది నిమిషాల సీను ఎంచుకోండి. అందులో ఎన్ని కట్‌లు, ఎన్ని లొకేషన్లు ఉన్నాయో లెక్కపెట్టండి.

* దాన్నే ఒకే వేదిక మీద, ఎక్కడా ఆగకుండా సాగేలా తిరగరాయండి. క్లోజప్ ఉన్నచోట ఏం పెడతారు? పాటా? మౌనమా? ఒక్క దీపమా?

* ఎడమవైపు పేజీలో మాటలు, కుడివైపు పేజీలో లైటు, సౌండ్, ప్రవేశ నిష్క్రమణల సూచనలు రాసుకోండి. స్టేజ్ మేనేజర్ పుస్తకం దాదాపు ఇలాగే ఉంటుంది.

* నలుగురు స్నేహితులతో క్లాస్‌రూమ్‌లోనే ఆడి చూడండి. సాధన కోసమైతే ఇబ్బంది ఉండదు. టికెట్ పెట్టి బయట ఆడాలంటే మాత్రం ముందు హక్కులున్నవారి అనుమతి తీసుకోండి.

* ఎక్కడ తడబడ్డారో, మర్నాడు ఏం మార్చారో అదే పుస్తకంలో రాయండి.

రేపు ఇంటర్వ్యూలో 'నాకు థియేటర్ అంటే ప్యాషన్ సార్' అని చెప్పేవాళ్లు చాలామందే వస్తారు. కొట్టివేతలు, దిద్దుబాట్లతో నలిగిన ఆ పుస్తకాన్ని బల్ల మీద పెట్టేవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. వాళ్లలో మీరుండండి. సీను ఎంచుకోవడం ఈ రాత్రికే పూర్తిచేయండి.